సెట్టూ కుదురూ

ఇంగ్లీషు రాదని బాధపడే తెలుగు విద్యార్థికి మనం ఎప్పుడూ ఒకే సలహా ఇస్తాం: రోజుకి పది కొత్త మాటలు బట్టీ పట్టు. ఆ మాటలు పొడుగ్గా, బరువుగా, సంపాదకీయాల్లో తప్ప ఎక్కడా తగలనివిగా ఉంటాయి. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. నా క్లాసుకి వచ్చేవాళ్లలో చాలామంది ఊళ్లలో, తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు. వాళ్లు తడబడేది పొడుగు మాటల దగ్గర కాదు. పొడుగు మాటకి సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి, ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. వాళ్లని నిలబెట్టేసేవి సెట్, గెట్, పుట్, రన్, టేక్ లాంటి మాటలు. ఒక్కో వాక్యంలో ఒక్కోలా ఉంటాయి. నిఘంటువు తీస్తే ఒక పేజీ నిండా అర్థాలు కనబడతాయి, అందులో తనకి కావలసింది ఏదో తెలియదు. "ఇన్ని అర్థాలుంటే ఎలా సార్, ఇదేం భాష?" అని అడుగుతారు.

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి నా జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. చిన్న మాటకి వందల అర్థాలుండడం గందరగోళం కాదు. ఆ భాషలో పనీపాటా చేసుకుని బతికిన జనం తరాల తరబడి కట్టుకుంటూ వచ్చిన ఇల్లు అది. అలాంటి ఇంట్లో తిరగడం తెలుగు పిల్లలకి బడి మెట్లు ఎక్కకముందే వచ్చు, ఎందుకంటే వాళ్ల అమ్మభాషలోనూ అలాంటి ఇళ్లున్నాయి. బడి మాత్రం వాళ్లకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పదు.

సెట్ అనే ఒక్క మాట తీసుకుంటాను. ఇంగ్లీషులో మూడక్షరాలు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో ముద్రణ 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ మాటదే. క్రియగా దీనికి 430 అర్థాలు చూపించారు, ఆ వివరణ దాదాపు 60,000 పదాలకి చేరింది. ఒక్క మాట మీద ఒక చిన్న పుస్తకం. తర్వాత నిఘంటువుని తిరగరాయడం మొదలుపెట్టాక మేక్, పుట్ దీన్ని దాటాయి. 2011 నాటికి రన్ 645 అర్థాలతో అందరికన్నా ముందుకొచ్చింది. ఆ రన్ మీద పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో నవ్వుతారు. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ ఆయన మీద గౌరవం కలుగుతుంది. పరుగెత్తడం అనే మాట కోసం ఒక మనిషికి తొమ్మిది నెలల జీతం ఇవ్వాలని ఒక సంస్థకి అనిపించింది. ఆ సంస్థకి తన భాష మీద ఎంత శ్రద్ధ ఉందో అందులోనే తెలుస్తోంది.

ఇక సెట్ లోపలికి వెళ్దాం. పాత ఇంగ్లీషులో కూర్చోవడానికి ఒక క్రియ ఉంది, ఇప్పటి సిట్ అదే. దానికి ప్రేరణార్థకంగా పుట్టింది సెట్. అంటే మన తెలుగులో కూర్చోబెట్టడం. 430 అర్థాల మొదట్లో ఉన్నది ఇంతే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తక్కినవాటిలో సగం వాటంతటవే తెరుచుకుంటాయి. సూర్యుడు సెట్ అయ్యాడంటే దిగి తన చోట కూర్చున్నాడు. మనం పొద్దు గూకింది అంటాం, పొద్దు వాలింది అంటాం. సిమెంటు సెట్ అయిందంటే ఇక కదలకుండా కూర్చుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగియడం మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా బిగియాలి. ఆ రెండు గడువులకీ ఇంగ్లీషు పేరు ఈ మాటలోంచే వచ్చింది. పాలు పెరుగైతే వాళ్లకి సెట్ అయింది, మనకి తోడుకుంది. విరిగిన ఎముకని సరైన చోట కూర్చోబెట్టి కట్టు కడితే అదీ సెట్ చేయడమే. ఎముకలు కట్టేవాళ్లకి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ మాటతోనే తయారైంది. మనకి వాళ్లనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. రంపం పళ్లని ఒకటి అటూ ఒకటి ఇటూ వంచడాన్ని కూడా ఇంగ్లీషు వడ్రంగి ఇదే మాటతో చెబుతాడు.

చెరకు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు వ్యవసాయ పుస్తకాల్లో నాటడానికి నరికిన చెరకు ముక్కని సెట్ అంటారు, చివర ఒక అక్షరం ఎక్కువ రాస్తారు. భూమిలో కూర్చోబెట్టేది కాబట్టి ఆ పేరు. మన రైతుకి అది ముచ్చె. మూడు కళ్ల ముచ్చె, రెండు కళ్ల ముచ్చె. క్లాసులో ఈ మాట వచ్చిన రోజున చెరకు పండే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల మొహాలు మారిపోతాయి. అంతవరకూ పాఠంలో తమకి పాలు లేదనుకున్నవాళ్లు ఒక్కసారిగా తక్కినవాళ్లకి చెప్పడం మొదలుపెడతారు. అంటే ఇంగ్లీషు వాడు నాటడంలో కూర్చోబెట్టడాన్ని చూశాడు, మనవాళ్లు ఆ ముక్కకే ఒక పేరు పెట్టుకున్నారు. ఒకే పొలం, చూపులు రెండు.

నామవాచకంగా సెట్ కథ వేరు. పంపుల సెట్టు, గిన్నెల సెట్టు అన్నప్పుడు వినబడే గుంపు అనే అర్థం పూర్తిగా ఆ కూర్చోబెట్టడంలోంచి రాలేదు. పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చిన మరో మాట, ఒక మతశాఖనో అనుయాయుల జట్టునో చెప్పేది, ఇంగ్లీషులో ఈ క్రియ పక్కన చేరి దానితో కలిసిపోయింది. మనం ఒక్క మాట అనుకుంటున్నది నిజానికి రెండు వాగుల కలయిక. అందుకే "ఈ అర్థాలన్నిటికీ ఒకే సూత్రం చెప్పండి" అని అడిగే విద్యార్థికి నేను సూత్రం ఇవ్వను. ఇస్తే అబద్ధం చెప్పినట్టే.

ఆ గుంపు అర్థాన్నే గణితం తీసుకుంది. 1874లో గేయోర్గ్ కాంటర్ ప్రచురించిన వ్యాసంతో మొదలైందని చెప్పే సిద్ధాంతానికి ఇంగ్లీషువాళ్లు ఈ పేరు పెట్టారు. తెలుగు మాధ్యమం పిల్లలు లెక్కల్లో దాన్ని సమితులు అనే పాఠంగా చదువుతారు. ఇక్కడ ఆగి మన మాటని చూడండి. శూన్య సమితి గణితంలో ఉంది, ఐక్యరాజ్య సమితి న్యూయార్కులో ఉంది, 1980ల్లో మండలాలు వచ్చేదాకా ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పంచాయతీ సమితులుండేవి. తెలంగాణలో ఒక పార్టీ పేరే సమితి. చదువుకునే పిల్లవాడు ఇవన్నీ వింటాడు, ఏ ఒక్కచోటా తికమకపడడు. శూన్య సమితికి అధ్యక్షుడెవరని ఎవరూ అడగరు. పక్కనున్న మాటే దారి చూపిస్తుంది. అదే పిల్లవాడు ఇంగ్లీషు సెట్ దగ్గర ఎందుకు బెదరాలి? బెదరడానికి కారణం బడి అతనికి పక్కనున్న మాటల్ని తీసేసి, సెట్ ఈజీక్వల్టు ఉంచు అని ఒంటరి మాటని చేతిలో పెట్టడం.

ఆ ఒంటరి మాట ఎంత మోసం చేస్తుందో చూపించడానికి ఒక వాడుక చాలు. సెట్‌కి అసైడ్ తగిలించి డబ్బు గురించి మాట్లాడితే, దాచి ఉంచడం. అదే రెండు మాటల్ని కోర్టు ఒక ఉత్తర్వు గురించి వాడితే, కొట్టేయడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాలని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని సెట్ అసైడ్ చేసింది. నిఘంటువులో మొదటి అర్థం చూసుకుని ఆ వార్త చదివిన పిల్లవాడికి, కోర్టు ఆ ఉత్తర్వుని భద్రంగా దాచిందని తోస్తుంది. ఒకే మాట దాచడానికీ పారేయడానికీ ఎలా పనికొస్తుందని అడిగితే నేను వాళ్లనే అడుగుతాను: పక్కన పెట్టడం అంటే ఏమిటి? అమ్మ ఫీజు కోసం కొంత డబ్బు పక్కన పెట్టింది. సెలెక్టర్లు ఫామ్‌లో లేని ఆటగాణ్ణి పక్కన పెట్టారు. ఒకటి దాచుకోవడం, రెండోది వదిలించుకోవడం. తెలుగులో వాళ్లు రోజూ చేస్తున్న పనే ఇది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బట్టీ పట్టించలేదు.

అసలు పెట్టు అనే మాటకి సెట్ కన్నా తక్కువ వైభవం ఉందని నేను అనుకోను. నిప్పు పెట్టడం, అడుగు పెట్టడం, ముహూర్తం పెట్టడం: ఈ మూడుచోట్లా ఇంగ్లీషు కూడా సెట్ అనే అంటుంది. అక్కడి నుంచి మన మాట తన దారి తాను చూసుకుంది. కోడి గుడ్డు పెడుతుంది, అమ్మాయి బొట్టు పెట్టుకుంటుంది, మాస్టారు చీవాట్లు పెడతారు, పిల్లవాడు పరుగు పెడతాడు, వేసవిలో ఆవకాయ పెడతారు, పోయినవాళ్లకి తద్దినం పెడతారు. మరగబెట్టడంలో, భయపెట్టడంలో మరో క్రియకి తోకగా చేరి పని చేయిస్తుంది. "ఆ ఉత్తరం కాస్త చదివిపెట్టు" అన్నప్పుడు అదే తోక నా కోసం అనే అర్థాన్ని మోస్తుంది. ఇంగ్లీషు సెట్‌కి ఆ పని చేతకాదు. ఇంక అన్నం అనే మాట లేకుండానే పెట్టడం అంటే తిండి ఇవ్వడం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతలో ఏం పెట్టదో ఎవరూ చెప్పక్కర్లేదు. పెట్టి పుట్టాలి అంటాం. పోయిన జన్మలో పదిమందికి పెట్టినవాడికే ఈ జన్మలో దొరుకుతుందని. విస్తట్లో ఉంచడం అనే చిన్న పని ఒక జాతి నోట దానంగా, పుణ్యంగా మారిన దారి ఇది. ఈ దారిని ఎవరైనా తారీఖులతో, ఊళ్లతో, వాక్యాలతో రాసి ఉంటే చదవాలని నాకు ఎంతో ఆశ.

పెట్టు ఇలా ఉంటే, సెట్‌కి అసలైన తోబుట్టువు తెలుగులో మరొకటి ఉంది. కుదురు. నీళ్లకుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, నేల మీద నిలవదు. ఒరిగిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట కుదురు. మొక్క మొదలుకీ అదే పేరు. కుదురుగా కూర్చో అని పిల్లలకి చెబుతాం. వాడికి కుదురు లేదు అని పెద్దలు నిట్టూరుస్తారు. దాని క్రియ కుదురుతుంది, కుదిరింది. సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, పాలేరుగా కుదిరాడు, ఆదివారం రావడానికి కుదరదు, కూర బాగా కుదిరింది. జబ్బు నయమైతే రోగం కుదిరింది అనేవారు. ఆ వాక్యమే తర్వాత ఎదురు తిరిగి, పొగరుబోతుకి శాస్తి జరిగినప్పుడు "వాడి రోగం కుదిరింది, తిక్క కుదిరింది" అని వాడుకలోకొచ్చింది. ఇంగ్లీషులో కూర్చోబెట్టడం ఎలా నాలుగు వందల అర్థాలకి విస్తరించిందో, మనకి కుండ నిలబడడం అలా పెళ్లిళ్ల దాకా, వంటల దాకా, వైద్యం దాకా వెళ్లింది. ఇది కాకతాళీయం అనిపించదు నాకు. వస్తువు ఒకచోట కదలకుండా నిలబడడమనేది మనిషికి అంత ముఖ్యం.

ఇప్పుడు మన నోళ్లలో తిరుగుతున్న తెలుగు సెట్టు సంగతి. ఈ చొక్కా నీకు సెట్ అయింది. వాళ్లిద్దరికీ సెట్ కాదు. అన్నకి సంబంధం సెట్ అయింది. బెంగళూరులో ఉద్యోగం సెట్ చేసుకున్నాడు. అంతా సెట్టు. ఈ వాక్యాల్లో చాలావాటిని ఇంగ్లీషు పుట్టు భాషగా ఉన్నవాడు ఈ మాటతో చెప్పడు. చొక్కా విషయంలో ఇంకో మాట వాడతాడు. కాబట్టి ఇది ఇంగ్లీషు కాదు, తెలుగు. మనవాళ్లు అవు, చేయి తగిలించి, తమ అవసరానికి వంచుకున్న తెలుగు క్రియ. సినిమా వార్తల్లో సెట్స్ పైకి వెళ్లింది అంటే షూటింగు మొదలైంది. సెట్టింగ్ అంటే చాటుమాటు ఒప్పందం. ఇవి మనం చేసిన అర్థాలు.

భాషాభిమానులు చాలామంది ఈ మాటని వినగానే తెలుగు చచ్చిపోతోందని వాపోతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కారణం మాత్రం ఒప్పుకోను. పంపుసెట్టు తెలుగుని చంపలేదు. ముత్యాల సెట్టు చంపలేదు. పరాయి మాట రావడం ఏ భాషకీ నష్టం కాదు. ఇంగ్లీషు సెట్ లోనే సగం ఫ్రెంచి దారిన వచ్చిందని చూశాం కదా. నష్టం వేరేచోట ఉంది. చొక్కా నప్పింది, ఇద్దరికీ పొసగదు, నగ అమరింది, సంబంధం కుదిరింది, ఎముక అతికింది, పెరుగు తోడుకుంది. ఒక్కో క్రియ ఒక్కో రకం కలయికని చూసింది. నప్పడం కంటికి సంబంధించినది, పొసగడం మనసులకి, అతకడం విరిగినవాటికి, తోడుకోవడం పాలకి. ఈ తేడాలన్నిటినీ తీసేసి అన్నిచోట్లా సెట్ అయింది అంటే మాట ఒకటి వచ్చినట్టు, చూపులు ఆరు పోయినట్టు. నా విద్యార్థుల్లో కొందరికి పొసగడం అనే మాట వినడమే కొత్త. నాకు గుండె కలుక్కుమనేది అక్కడ. సెట్‌ని తిట్టడం వల్ల పొసగడం తిరిగి రాదు. పొసగడాన్ని నలుగురి మధ్య మాట్లాడితే వస్తుంది, పాఠాల్లో పెడితే వస్తుంది.

మధ్యలో ఒక విచిత్రం కూడా జరిగింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఉమ్మడి ప్రవేశ పరీక్ష అనే ఇంగ్లీషు పేరులోని మూడు మొదటి అక్షరాలు కలిసి దాని తోకలో సెట్ అయ్యాయి. తర్వాత ఎడ్‌సెట్, ఐసెట్, లాసెట్, పాలిసెట్. ఇప్పుడు పత్రికలు సెట్ల తేదీలు ఖరారు అని శీర్షికలు పెడతాయి, సెట్ కన్వీనర్ అంటాయి. అక్షరాల కుప్ప కాస్తా మామూలు నామవాచకమై, బహువచనం కూడా తెచ్చుకుంది. కూర్చోబెట్టడంతోనూ మతశాఖతోనూ ఏ చుట్టరికమూ లేని మూడో సెట్టు ఇది, పూర్తిగా మన గడ్డ మీద పుట్టింది. సెట్‌లో ర్యాంకు వస్తే లైఫ్ సెట్ అనే వాక్యాన్ని మన ఇంటర్ పిల్లలు అలవోకగా అంటారు, వింటారు. ఒకే వాక్యంలో రెండు వేరు వేరు మాటల్ని ఏ తడబాటూ లేకుండా విడదీసుకోగల పిల్లలకి భాషాజ్ఞానం లేదని ఎలా అంటాం?

అందుకే క్లాసులో నేను అర్థాల పట్టిక రాయించను. సెట్ ఉన్న వాక్యాలు కొన్ని బోర్డు మీద రాసి, ఇదే సంగతి మీ ఇంట్లో ఎలా అంటారో చెప్పమంటాను. ఒకరు గూకింది అంటారు, ఒకరు ఉచ్చు పన్నారు అంటారు, ఒకరు ధర కట్టారు అంటారు. తర్వాత ఆ తెలుగు క్రియ ఇంకెక్కడెక్కడ వాడతారో అడుగుతాను. కాసేపటికి బోర్డు మీద తెలుగే ఎక్కువ ఉంటుంది. ఇది ఇంగ్లీషు క్లాసు కాదని ఆక్షేపించేవాళ్లున్నారు. ఒక మాట తన పక్కవాళ్లని బట్టి ఎలా మారుతుందో సొంత భాషలో చూసినవాడు, పరాయి భాషలో ఆ మార్పుకి సిద్ధంగా ఉంటాడు. వాడికి సెట్ ఇన్, సెట్ ఆఫ్, సెట్ అప్ మూడు శత్రువుల్లా కనబడవు. వానలు సెట్ ఇన్ అయ్యాయంటే వచ్చి కూర్చున్నాయని తనే చెబుతాడు. ఇంగ్లీషు మాధ్యమం కావాలా తెలుగు మాధ్యమం కావాలా అని రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా కొట్లాడుకుంటున్నాం. ఏ మాధ్యమంలోనైనా సరే, చిన్న మాటలు ఇలా చెప్పే ఉపాధ్యాయుడు లేకపోతే ఆ పిల్లవాడు రెండిటికీ దూరమవుతాడు.

ఈ పని నేను ఒక్కణ్ణీ క్లాసులో చేస్తే చాలదు, ఎందుకంటే నా చేతిలో సాధనం లేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుడికి సెట్ మీద 60,000 పదాలు రాసి ఉంచారు. కుదురు మీద నాకు ఎవరు రాసిచ్చారు? 1850ల్లో సి.పి. బ్రౌన్ తన తెలుగు నిఘంటువులో వ్యవహారంలోని మాటలకి చోటిచ్చాడు, ఆయనకి ఆ పుణ్యం దక్కాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోంచి ప్రయోగాలు తెచ్చి మహత్తరమైన పని చేసింది, కాని పొలంలో, వంటింట్లో, సంతలో తిరిగే వాక్యాలు అందులోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేపట్టగా 1962లో వ్యవసాయ పదాలతో వెలువడడం మొదలైన మాండలిక వృత్తిపదకోశం ఊళ్లకి వెళ్లి రైతుల నోట విని రాసింది. నా దృష్టిలో తెలుగు కోశాల్లో అన్నిటికన్నా నిజాయితీ గల దారి అది. అయితే అది వృత్తి మాటల కోసం. పెట్టు, కుదురు, పడు, కట్టు, కొట్టు లాంటి అందరి మాటలకి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుని పండితులు మాత్రమే రాయలేదు. 1879లో దాని సంపాదకుడు జేమ్స్ మరే పాఠకులకి విజ్ఞప్తి చేస్తే, ముక్కూ మొహం తెలియని వేలమంది తాము చదివిన పుస్తకాల్లోంచి వాక్యాలు చీటీల మీద రాసి పంపారు. మొదటి భాగం 1884లో వచ్చింది, చివరిది 1928లో. మరే 1915లోనే పోయాడు, అయినా పని ఆగలేదు. మనకి చీటీలు కూడా అక్కర్లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో ఏడాది ఒక్కో చిన్న మాట ఎంచుకుంటే చాలు. కుదురుతో మొదలుపెట్టమంటాను. ప్రతి డిగ్రీ విద్యార్థీ తన ఇంట్లో, ఊళ్లో ఆ మాట విన్న వాక్యం ఒకటి, ఎవరి నోట విన్నారో వాళ్ల వయసు, ఊరు, మండలం, తేదీతో రాసివ్వాలి. ఇంటర్నల్ పరీక్షలో దానికి ఐదు మార్కులు ఇవ్వచ్చు.